గోడ దాటు కణమునకు ఎంత కాలము పట్టును?

గోడకు కొట్టిన బంతి వెనుకకే వచ్చును. పరమాణు లోకమున మాత్రము, తన శక్తికి మించిన అవరోధమునకు ఆవల కణము ఒకానొకప్పుడు కనబడును. దీనినే క్వాంటం టన్నెలింగ్, అనగా సొరంగగమనము, అందురు. పేరును బట్టి కణము గోడకు కన్నము వేయునని తలపరాదు. కణమునకు తరంగ స్వభావము కలదు. ఆ తరంగము అవరోధములో క్షీణించుచు పోయి, గోడ పలుచనిదైనచో, కొంత ఆవలకు చేరును.

మరి దాటుటకు ఎంత కాలము? ఈ చిన్న ప్రశ్నను పెక్కు అపోహలు అల్లుకొన్నవి.

యురేనియం కేంద్రకమునుండి ఆల్ఫా కణము వెలువడుటను 1928లో గామోవ్, వేరుగా గర్నీ, కాండన్ ఈ విధముననే వివరించిరి. యురేనియం-238 అర్ధజీవితము సుమారు 450 కోట్ల సంవత్సరములు. అంతకాలమును కణము గోడలో నడచుచుండెనా? లేదు. ఏటేట లాటరీ చీటీ కొని ముప్పదవ యేట గెలిచినవానికి, చీటీ తీయుటకే ముప్పది యేండ్లు పట్టెనని అనము గదా! అది నిరీక్షణకాలము, ప్రయాణకాలము వేరు.

గోడ మందము పెరిగినను ఒక హద్దు దాటిన పిమ్మట జాప్యము పెరుగదని 1962లో హార్ట్‌మన్ గణించెను. 1993లో బర్క్లీయందు స్టైన్‌బర్గ్, క్వియట్, చియావో చేసిన ప్రయోగములో, అవరోధమును దాటిన ఫోటానులు శూన్యమున పోవువానికంటె సగటున కొంచెము ముందుగా చేరెను. దానితో కాంతివేగము ఓడినదని కొందరు తలచిరి. దాటినవి స్వల్పము, వాని తరంగశిఖరము ముందునకు జరిగినను, ఏ సందేశమును కాంతికంటె వేగముగా చేరజాలదు.

దాటుట క్షణమాత్రమున ముగియునా? 2020లో టొరంటోయందు స్టైన్‌బర్గ్ బృందము అతిశీతల రుబీడియం పరమాణువులకు కాంతితో గోడ కట్టెను. దాని మందము 1.3 మైక్రోమీటరులు. పరమాణువు గోడలో నున్నంతసేపే దాని స్పిన్ దిశ తిరుగునట్లు ఏర్పాటు చేసి, ఆ తిరుగుడునే గడియారముగా గైకొనిరి. సుమారు 0.61 మిల్లీసెకను తేలెను. అంతకు ముందేడు, 2019లో, ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయమువారు హైడ్రోజను ఎలక్ట్రాను బయటపడుటలో జాప్యము, ఉన్నచో, 1.8 ఆటోసెకనులకు మించదని తెలిపిరి. ఆటోసెకను అనగా సెకనులో నూరుకోట్లవ వంతునందు మరల నూరుకోట్లవ వంతు.

ఈ రెండును పరస్పర విరుద్ధములని తొందరపడరాదు. కణములు వేరు, గోడలు వేరు, కొలిచిన కాలమును వేరు. ఒకటి గోడలో గడపిన కాలము. మరియొకటి వెలువడుటలోని ఆలస్యము. కావున "ఎంత కాలము?" అనుటకు ముందు "ఏ గడియారముతో?" అని అడుగుట ఇచ్చట విజ్ఞత.