పట్టా పొలములలోని పెద్దల సమాధులు
(తిరుపతి, చిత్తూరు జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన చిత్తూరు సీమలో అనేక గ్రామములందు మామిడితోపు మూలననో, పాతబావి గట్టుననో, చింతమాను క్రిందనో సున్నము వేసిన రెండు మూడు సమాధులు కానవచ్చును. అవి ఊరి శ్మశానమునకు చెందినవి కావు; ఆ భూమిని సాగుచేసిన కుటుంబపు పెద్దలవి. పండుగనాడు వంశస్థులు పోయి, సమాధులను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, క్రొత్త బట్టలుంచి మ్రొక్కుదురు. భూమి ఆ కుటుంబము చేతిలో నున్నంతకాలము వివాదమునకు తావు తక్కువ. భూమి చేతులు మారిననాడే చిక్కు మొదలగును.

కొన్నవాడు "నా పట్టా, నా యిష్టము" అనును. అమ్మినవాని తమ్ముడు "అచ్చట మా తాతను పెట్టినాము, గడ్డపార వేయనీయను" అనును. ఇరువురును పంచాయతీ కార్యాలయమునకే వత్తురు. అప్పుడు మీరు చెప్పదగినదేమి? ఆ సంగతినే నేడు మీకు మనవి చేయదలచితిని.

మొదట, ఊరి శ్మశానము వేరు, కుటుంబ సమాధిస్థలము వేరు. రైత్వారీ ప్రాంతములలో ప్రభుత్వాధీనమందున్న శ్మశాన పోరంబోకులు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ననుసరించి గ్రామ పంచాయతీకి సంక్రమించును. వాటిని కాపాడుట మీ బాధ్యత. పట్టా పొలములోని సమాధి అట్టిది కాదు. దాని క్రింది నేల పట్టాదారుదే.

అయితే ఈ భేదము శాశ్వతమని తలపరాదు. ముస్లిముల శ్మశానవాటికను గూర్చిన ఒక వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1976లో దీనిని వివరించినది. కుటుంబ శ్మశానమున ఆ వంశమువారి సమాధులు మాత్రమే యుండవలెను. ఇతరులను గూడ అందు పాతిపెట్టనిచ్చినచో అది సొంత స్వభావమును కోల్పోయి సార్వజనికమగునని ఆ తీర్పు సారాంశము. కావున సొంత నేలలో పొరుగువారికి చోటిచ్చువారు తమ ఔదార్యముతోపాటు దాని ఫలితమును గూడ యోచించుకొనవలెను.

ఇక కొన్నవాని మాట. 1978లో జరిగిన 44వ రాజ్యాంగ సవరణచే ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల పట్టికనుండి తొలగింపబడినను, 300-ఎ అధికరణము క్రింద అది రాజ్యాంగపు హక్కుగనే నిలిచియున్నది. చట్టబలము లేక ఎవరి ఆస్తిని తీసికొనుటకు వీలులేదు. అమ్మకపు దస్తావేజులో ఏ మినహాయింపును లేకున్నచో, సమాధులున్న నేలయు సాధారణముగా కొన్నవానికే చెందును. కాని హక్కు కలదని అవమానింపరాదు. ఇతరుల మనస్సు నొప్పించు ఉద్దేశముతో సమాధిస్థలమున అక్రమముగా ప్రవేశించుటయు, మృతదేహమును అవమానపరచుటయు భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షను క్రింద శిక్షార్హములు.

అమ్మువానికిని ధర్మము కలదు. కొనువాడు మామూలు జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యమైన లోపమేదైన తనకు తెలిసియున్నచో, దానిని వెల్లడింపవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. సున్నము వేసిన సమాధి కంటికి కనబడును. కంపచెట్ల క్రింద మరుగుపడిన సమాధిని మాత్రము అమ్మువాడే చెప్పవలెను.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, సొంత భూమిలో సమాధులున్న యజమాని, ముందుగా తెలియజేసి వచ్చు వంశస్థులను లోనికి రానీయవలెనని శాసనమే కలదు. మనకు పత్రములో వ్రాసికొనుటయే సురక్షితమగు మార్గము. అమ్మకపు పత్రమందుగాని, భాగపరిష్కార పత్రమందుగాని ఈ సంగతులు స్పష్టముగా నుండవలెను: సమాధిస్థలము ఎన్ని సెంట్లు, దాని నాలుగు హద్దులేవి, దారి ఎటునుండి, ఎంత వెడల్పు, ఎవరు ఎప్పుడు రావచ్చును, మరమ్మతు ఎవరిది, ఇకమీదట క్రొత్త సమాధులకు అనుమతి కలదా లేదా. పటము జతచేసి రిజిస్టరు చేయింపవలెను. నోటిమాట ఒక తరము నిలుచును. దస్తావేజు మనుమల కాలమునకు గూడ నిలుచును.

2020 డిసెంబరులో మన రాష్ట్రమున భూముల రీసర్వే ప్రారంభమైనది. సర్వే సిబ్బంది గ్రామమునకు వచ్చినప్పుడు శ్మశాన పోరంబోకు హద్దులను సభ్యులు దగ్గరనుండి చూపవలెను. కొలత తప్పినదని తోచినచో గడువులోపల వ్రాతమూలకముగా ఆక్షేపణ తెలుపవలెను.

క్రొత్తగా సొంత పొలములో పాతిపెట్టదలచినవారు ముందుగా పంచాయతీ కార్యదర్శిని కలిసి నియమములను తెలిసికొనవలెను. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము బస్తరు ప్రాంతమున ఒక క్రైస్తవ బోధకుడు 2025 జనవరి 7న మరణించెను. స్వగ్రామమున పాతిపెట్టుటకు గ్రామస్థు లంగీకరింపలేదు. కుమారుడు తమ సొంత పొలములోనైన అనుమతింపుడని సుప్రీంకోర్టు వరకు పోయెను. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులును భిన్నాభిప్రాయములను వెలిబుచ్చిరి. ఒకరు సొంత పొలములో అనుమతింపవచ్చుననిరి. మరియొకరు నిర్ణీత స్థలముననే జరుగవలెననిరి. మృతదేహ మింకను ఆసుపత్రి శవాగారములోనే యున్నందున, సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమందలి క్రైస్తవ శ్మశానమున ఖననము చేయవలెనని ఇరువురును కలిసి ఆదేశించిరి. ఊరి పెద్దలు కూర్చుండి ఒక పూటలో తేల్చదగిన సంగతికి ఇరువది దినములు పట్టినవి.

మరియొక మాట. పట్టా కలవానికి తన పొలమున్నది. సెంటు భూమి లేనివానికి ఊరి శ్మశానమే దిక్కు. దానికి పోవు దారిని పొలములో కలుపుకొన్నచో, వర్షకాలమున పాడె మోయువారు మోకాటిలోతు బురదలో నడువవలసివచ్చును. అన్ని కులములవారికిని, మతములవారికిని గౌరవముగా అంత్యక్రియలు జరుపుకొను చోటు, దారి, నీరు ఉన్నవా యని చూచుట పంచాయతీకి ముఖ్య కర్తవ్యము. ఎచ్చట అంత్యక్రియలు జరిగినను, 21 దినములలో మరణమును నమోదు చేయించుటయు మరువరాదు.

తుదకు, పంచాయతీ తీర్మానము ఎవరికిని పట్టా నీయజాలదు, ఉన్న పట్టాను తీసివేయజాలదు. హక్కు తేల్చవలసినది సివిలు కోర్టు. ఉభయులను కూర్చుండబెట్టి, అంగీకరించిన షరతులను వ్రాయించుట మాత్రము మీకు సాధ్యము. ఇందుకై మీ గ్రామమున ఒక పుస్తకము ప్రారంభింపుడు. ఏ సర్వే నంబరులో ఎవరి పెద్దల సమాధులున్నవో, దారి ఎటునుండి కలదో, వయోవృద్ధుల నడిగి, పట్టాదారు సమక్షమున వ్రాయింపుడు. అది హక్కు పత్రము కాకపోయినను, వివాదము వచ్చిననాడు దారి చూపును. ఆ గురుతులెరిగిన వృద్ధులు ప్రతి గ్రామమునను ఏటేట తగ్గిపోవుచున్నారు. వారు చెప్పగలిగియుండగనే ఈ పని పూర్తిచేయుదురుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.