నమూనాయు మనదే కావలయును
(కురవి సభయందలి ఉపన్యాసము)





నేతకు ప్రాణము నమూనా. మన తెలంగాణమునఁ బోచంపల్లి, పుట్టపాక గ్రామములయందు మనవారు గళ్ళ కాగితముపై పూవులను, అంచులను గీసి, దాని ననుసరించి నూలునకుఁ జిటికి కట్టి రంగు లద్దుదురు. తాత గీసిన కాగితమును మనుమఁడు పెట్టె తెఱచి మరల నేయఁగలఁడు. నేఁ డాపని కంప్యూటరుపై జరుగుచున్నది. ఏటేట అద్దె గోరు సాఫ్ట్‌వేరుతో గీసినచో, అద్దె నిలిచిననాఁడు మన నమూనాను మనమే దిద్దుకొనలేము. దొంగప్రతిని వాడుట మన గౌరవమునకుఁ దగదు.

దీనికి మార్గము కలదు. 1983లో శ్రీ రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమము నారంభించిరి. అట్టి సాఫ్ట్‌వేరును వాడుటకు, పరిశీలించుటకు, మార్చుటకు, పంచుటకు నెల్లరకును హక్కు కలదు. గింప్ ఛాయాచిత్రములను సవరించుటకును, క్రితా కుంచెపనికిని, 2003లో నారంభమైన ఇంక్‌స్కేప్ గీతల నమూనాలకును ఉపకరించును. ఇంక్‌స్కేప్‌నందు ఒక గడిలోని పూవును జీర యంతటఁ బఱపవచ్చును. గడిలో మార్చిన, అంతటను మాఱును. ఆ చిత్రము ఎస్.వి.జి. యను బహిరంగ ప్రమాణమున నుండుటచేఁ బలు సాఫ్ట్‌వేరులందు తెఱచుకొనును. వీనికి వెల లేదు. నేర్చుటకు ఓపిక మాత్రము వలయును.

కావున దాతలారా! మన విద్యార్థులకుఁ గంప్యూటర్లును, నేర్పు గురువులను సమకూర్పుఁడు. యువకులారా! పెద్దల గళ్ళ కాగితములు చెదలపాలు గాకమునుపే వానిని తిరిగి గీసి భద్రపఱపుఁడు. మగ్గము మనది, నమూనాయు మనదే యగుఁగాక!