సాము: దేహానికి బలం, మనసుకు పగ్గం



పావగడ కొండనూ, దానిమీది కోటనూ చూసినప్పుడల్లా ఒక ఆలోచన రాక మానదు. ఆ రాళ్లు ఎక్కుతూ దిగుతూ, ఎండకూ వానకూ ఓర్చి కాపలా కాసినవారు ఎంతటి దేహదారుఢ్యం గలవారై ఉండాలి! పాళెగాళ్ల కాలం పోయింది. శత్రువులు గోడలెక్కి వస్తారన్న భయమూ పోయింది. మరి సాము నేర్వవలసిన అవసరం కూడా పోయినట్లేనా? పోలేదని నా మనవి. సాము చేసేవాడు ఎదుటివాణ్ని గెలిచేలోగా తన బద్ధకాన్నీ, భయాన్నీ, కోపాన్నీ గెలవాలి. ఆ ముగ్గురు శత్రువులూ ఇంకా మనతోనే ఉన్నారు.

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల దినచర్యను రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకొని, మట్టితో చేసిన బరువులు ఎత్తేవాడట. ఆ నూనె అంతా చెమటగా కారిపోయేదాకా కత్తిసాము చేసి, ఒక మల్లునితో కుస్తీ పట్టి, తర్వాత గుర్రమెక్కి స్వారీ చేసేవాడట. అంతటి చక్రవర్తిని పొద్దున్నే లేవమని శాసించేవారెవరు? తనను తానే శాసించుకున్నాడు. మనోనిగ్రహం అంటే అదే.

మన పల్లెల్లో గరిడిలు, తాలీంఖానాలు ఈ పాఠాన్నే నేర్పాయి. దసరాకూ, పీర్ల పండుగకూ కర్రసాము చూసి చప్పట్లు కొట్టేవారికి ఆ ఒక్కరోజే కనిపిస్తుంది. దాని వెనుక నెలల తరబడి చేసిన సాధన కనిపించదు. మంచి వస్తాదు కొత్తవాడికి వెంటనే కర్ర ఇవ్వడు. ముందు నిలబడటం, అడుగు వేయడం, దండీలు, బస్కీలు. తొందరపడేవాడు వారంలో మానేస్తాడు. నిలకడ ఉన్నవాడే మిగులుతాడు.

దేహంలో జరిగేదేమిటో కూడా తెలుసుకుందాం. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం చాలావరకు నరాలది. ఏ కండరాన్ని ఎప్పుడు బిగించాలో మెదడు నేర్చుకుంటుంది. కండ ఆ తర్వాత పెరుగుతుంది, అదీ విశ్రాంతి వేళల్లో. క్రమంగా గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. అందుకే సాధకుని నాడి విశ్రాంతిలో నిదానంగా కొట్టుకుంటుంది.

ఇక మనసు సంగతి. భయం కలిగితే ఊపిరి పైపైన ఆడుతుంది, గుండె వేగం పెరుగుతుంది. అప్పుడు ఊపిరిని నెమ్మదిగా వదిలితే గుండె కూడా కొంత నెమ్మదిస్తుంది. కర్ర తలమీదికి వస్తున్నా ఊపిరి చెదరకుండా నిలబడటం అలవాటైనవాడు పరీక్ష హాలులోనూ, పంట పోయిన ఏడాదిలోనూ అంత తేలిగ్గా బెదిరిపోడు. కర్రసాములో అసలు నేర్పు, దెబ్బను జోడీ తలకు జానెడు దూరంలో ఆపగలగడంలో ఉంది. కొట్టగలిగీ ఆపినవాడిదే నిగ్రహం. పట్టణాల్లో నేర్పే కరాటేకైనా, జూడోకైనా ఇదే సూత్రం. జిగొరో కానో అనే జపాను విద్యావేత్త 1882లో టోక్యోలో జూడో శిక్షణాలయం నెలకొల్పినప్పుడు దాన్ని శీలాన్ని దిద్దే చదువుగానే భావించాడు.

ఆడపిల్లలకు ఇవన్నీ ఎందుకని అడిగే పెద్దలకు పక్కనున్న చిత్రదుర్గాన్ని చూపించాలి. 18వ శతాబ్దంలో హైదరాలీ సైనికులు కోట కంతలోంచి ఒక్కొక్కరే దూరివస్తుంటే, కావలివాని ఇల్లాలు ఓబవ్వ రోకలి పట్టి ఎదుర్కొన్నదని అక్కడివారి కథనం. రోజూ దంచిన చేతులవి. అదే ఆమె సాధన. కర్ణాటక ప్రభుత్వం హాస్టలు బాలికలకు ఇప్పించే ఆత్మరక్షణ శిక్షణకు ఆమె పేరే పెట్టారు. తల్లిదండ్రులారా, మీ అమ్మాయిలను కూడా పంపండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పావగడ తాలూకా భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఎక్కువన్నది తెలిసిన విషయమే. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారికి కీళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. మోకాళ్లు, నడుము పట్టేసేవారు వైద్యుణ్ని సంప్రదించకుండా బస్కీలు, గెంతులు మొదలుపెట్టకూడదు.

ఆరోగ్యంగా ఉన్నవారు పది దండీలు, ఇరవై బస్కీలతో ప్రారంభించవచ్చు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టరాదు. ఎండ ముదరకముందే ముగించాలి. వారానికి ఒకరోజు విశ్రాంతి తప్పదు. ఖరీదైన పొడులు అక్కరలేదు. రాగిసంగటి, ఉలవలు, నానబెట్టిన వేరుశెనగ గింజలు, మజ్జిగ చాలు. కర్రసాము మాత్రం తెలిసినవారి ఎదుటే నేర్వాలి.

యువ శ్రోతలారా, బలం ఒక్కరోజులో రాదు, మానేస్తే నిలవదు. మీ ఊరిలో సాము తెలిసిన పెద్దాయన ఉంటే ఈ ఆదివారమే వెళ్లి అడగండి. ఆయనతోపాటే ఆ విద్య అంతరించిపోకుండా చూసే బాధ్యత మీదే.