పైన్ కోన్ ఎప్పుడు తెరుచుకోవాలో ఎవరు చెప్తారు?

ఈ ఎపిసోడ్‌లో మనం పైన్ కోన్ గురించి మాట్లాడుకుందాం. అరకు వైపు వెళ్లినవాళ్లు అక్కడ నాటిన పైన్ తోటల్లో ఫొటోలు దిగే ఉంటారు. సిమ్లా, మనాలి టూర్‌కి వెళ్లినవాళ్లలో చాలామంది కింద పడిన కోన్ ఒకటి బ్యాగులో వేసుకుని తెచ్చుకుంటారు. చెక్కతో చేసిన పువ్వులా ఉంటుంది కాబట్టి షోకేస్‌లో పెడితే బాగుంటుంది. కానీ ఆ చెక్కపువ్వు చెట్టుకి తలుపు లాంటిది. ఆ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత గట్టిగా మూసుకుని ఉండాలి అన్నది చెట్టు పెరిగే చోటుని బట్టి ఉంటుంది. అక్కడి ఎండ, వాన, గాలి, మంట, చివరికి ఉడతలు కూడా కలిసి వేల ఏళ్లలో దాన్ని అలా తయారుచేశాయి. ఎలాగో చూద్దాం.

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, పైన్ ఒక జిమ్నోస్పెర్మ్. అంటే విత్తనాన్ని కప్పే పండు ఉండదు. మామిడి విత్తనానికి టెంక ఉంది, గుజ్జు ఉంది, తొక్క ఉంది. పైన్ విత్తనం మాత్రం ఒక పొలుసు మీద ఊరికే కూర్చుని ఉంటుంది. దానికి కాపలా ఈ కోన్ ఒక్కటే.

మీ ఇంట్లో విచ్చుకున్న కోన్ ఉంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. గిన్నెడు నీళ్లలో వేసి కొన్ని గంటలు వదిలేయండి. పొలుసులన్నీ దగ్గరికి ముడుచుకుంటాయి. తీసి ఎండలో పెడితే మళ్లీ విచ్చుకుంటాయి. అది చెట్టు నుంచి రాలి ఏళ్లు గడిచినా సరే, ఇలాగే చేస్తుంది. కారణం ఏంటంటే, ప్రతి పొలుసులో రెండు రకాల పొరలుంటాయి. తడి తగిలితే బయటి పొర బాగా సాగుతుంది, లోపలి పొర అంతగా సాగదు. దాంతో పొలుసు లోపలికి వంగిపోతుంది. జీవం లేదు, కండరం లేదు, అయినా కదులుతుంది!

ఎందుకీ ఏర్పాటు? చాలా పైన్ విత్తనాలకి పల్చటి రెక్క ఉంటుంది. పొడి గాలిలో అయితే అది గింగిరాలు తిరుగుతూ దూరం వెళ్తుంది. వానలో బయటికొస్తే తల్లి చెట్టు కిందే పడి ఉండిపోతుంది. అందుకే తడి వాతావరణంలో తలుపు మూత.

ఇప్పుడు హిమాచల్‌ప్రదేశ్ వెళ్దాం. సోలన్ వైపు కింది కొండల మీద చీర్ పైన్ ఉంటుంది. అక్కడ మండే వేసవి, దాని వెనకే రుతుపవనాల వాన. చీర్ కోన్‌లు వేసవి ఎండలకి విచ్చుకుంటాయి. రెక్కల విత్తనాలు గాలికి ఎగిరి, ఎండిన నేల మీద పడి, వాన కోసం ఎదురుచూస్తాయి. జూలైలో వాన పడగానే మొలుస్తాయి. మన మెట్ట రైతులు కొందరు వాన రాకముందే పొడి దుక్కిలో విత్తుతారు కదా, అచ్చం అలాంటిదే.

అక్కడి నుంచి సట్లెజ్ నది వెంట పైకి వెళ్తే కిన్నౌర్ జిల్లా వస్తుంది. అదే రాష్ట్రం, కానీ మేఘాలని కొండలు అడ్డుకోవడంతో రుతుపవనాల వాన అక్కడికి పెద్దగా చేరదు. నేల తడిసేది ఎక్కువగా చలికాలపు మంచుతోనే. అక్కడ పెరిగే పైన్ పేరు చిల్గోజా. డ్రై ఫ్రూట్ షాపుల్లో సన్నగా, పొడుగ్గా, గోధుమరంగు పెంకుతో చాలా ఖరీదుకి అమ్ముతారే, అవి ఈ చెట్టు విత్తనాలే. ఒక్కో గింజ 2 సెంటీమీటర్ల పైనే పొడవుంటుంది. రెక్క పేరుకే ఉంటుంది.

రెక్క ఎందుకు వదులుకుంది? ఎండిపోయిన రాతినేలలో మొలక బతకాలంటే వేరు త్వరగా లోతుకి దిగాలి. అందుకు తల్లి ఇచ్చే సద్ది ఎక్కువ కావాలి, అంటే గింజ బరువుగా ఉండాలి. బరువైన గింజని గాలి మోయలేదు. ఆ పని పక్షులు చేస్తాయి. తినగా మిగిలినవి దాచుకుంటాయి, దాచి మర్చిపోయినవి మొలుస్తాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, పక్షికి నచ్చిన గింజ మనిషికీ నచ్చింది. కిన్నౌర్‌లో కోన్‌లు పూర్తిగా విచ్చుకోకముందే కోసేస్తారు. కొన్నిసార్లు కొమ్మలతో సహా నరికేస్తారు. అక్కడి కుటుంబాలకి అదొక ముఖ్యమైన ఆదాయం కాబట్టి వాళ్లని తిట్టి లాభం లేదు. కానీ నేలకి చేరే గింజలు తగ్గిపోయి, చాలాచోట్ల చిల్గోజా అడవిలో పిల్ల మొక్కలు అరుదైపోయాయి.

వాన తర్వాత మంట సంగతి చూద్దాం. దీనికి మంచి ఉదాహరణ ఉత్తర అమెరికాలోని లాడ్జ్‌పోల్ పైన్. ఈ జాతిలో కొన్ని చెట్ల కోన్‌లు పండినా తెరుచుకోవు. పొలుసుల మధ్య జిగురు గట్టిపడి సీలు వేసినట్టు ఉంటుంది. మామూలు ఎండకి చాలావరకు కరగదు. దాదాపు 45 నుంచి 60 డిగ్రీల వేడి తగలాలి, అంటే కార్చిచ్చు రావాలి. అప్పటిదాకా ఏళ్ల తరబడి విత్తనాలు కొమ్మ మీదే భద్రంగా ఉంటాయి. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ లాగా అన్నమాట.

1988లో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో పెద్ద కార్చిచ్చు వచ్చింది. పార్కులో సుమారు 36 శాతం దాని బారిన పడింది. ఇక అంతా అయిపోయిందనుకున్నారు చాలామంది. కానీ సీలు కరిగి, కోన్‌లు తెరుచుకుని, బూడిద మీద విత్తనాలు రాలాయి. చాలాచోట్ల నారుమడి పోసినట్టు కొత్త పైన్ మొక్కలు లేచాయి.

అదే పార్కులో ఇంకో విషయం ఉంది. మంటలు తరచుగా వచ్చే తక్కువ ఎత్తుల్లో సీలు కోన్‌ల చెట్లు ఎక్కువ. మంటలు అరుదైన పై ఎత్తుల్లో అలాంటివి తక్కువ. ఒకటే జాతి, ఒకటే పార్కు, ఎత్తు మారితే కోన్ మారిపోయింది!

మరి ఉడతల పాత్రేంటి? రాకీ పర్వతాల్లో ఎర్ర ఉడతలు కోన్‌లు కొరికి గుట్టలుగా దాచుకుంటాయి. ఏళ్ల తరబడి మూసి ఉన్న కోన్ అంటే వాటికి నిండు గాదె. అందుకే ఉడతలు ఎక్కువున్న చోట సీలు కోన్‌ల చెట్లకి నష్టం ఎక్కువ. కానీ ఇడాహో రాష్ట్రంలో సౌత్ హిల్స్ అనే కొండలున్నాయి. చుట్టూ ఎండిన మైదానం, సముద్రంలో దీవిలా మధ్యలో ఈ అడవి. ఉడతలు అక్కడికి చేరలేదు. ఫలితంగా అక్కడి లాడ్జ్‌పోల్ చెట్లలో 90 శాతానికి పైగా సీలు కోన్‌లే.

ఉడత లేదు కదా అని చెట్టుకి ప్రశాంతత దొరకలేదు. క్రాస్‌బిల్ అనే పక్షి ఆ చోటుని ఆక్రమించింది. దాని ముక్కు కొనలు కత్తెరలా ఒకదాని మీద ఒకటి దాటి ఉంటాయి, పొలుసుల సందులో దూర్చి గింజ లాగేస్తుంది. చెట్టు పొలుసుల్ని మందం చేసుకుంది, పక్షి ముక్కుని పెద్దది చేసుకుంది. ఆ పోటీ ఎంత దూరం వెళ్లిందంటే, 2017లో ఆ పక్షిని ప్రత్యేక జాతిగా గుర్తించారు. శాస్త్రీయ నామంలో రెండో మాటకి లాటిన్‌లో అర్థం ‘ఉడతలు లేని’ అని. పక్షి పేరులోనే ఆ కొండల భూగోళం ఉంది చూడండి.

ఇంత పకడ్బందీ ఏర్పాటుకి ఇప్పుడు గండం ఏంటంటే, టైమింగ్. ఎల్లోస్టోన్ అడవిలో ఒక మంటకీ ఇంకో మంటకీ మధ్య మామూలుగా 100 ఏళ్లకి పైగా గడిచేది. ఈలోపు చెట్లు పెద్దవై, కోన్‌లు కాసి, డిపాజిట్ మళ్లీ నింపుకునేవి. 2016లో, అంటే కేవలం 28 ఏళ్లకే, 1988 తర్వాత పుట్టిన లేత అడవిలో కొంత భాగం మళ్లీ కాలిపోయింది. డిపాజిట్ సరిగా నిండకముందే బ్యాంకు కాలిపోయినట్టు. ఆ చోట్ల మొలకలు మునుపటికన్నా బాగా తక్కువొచ్చాయి.

వాతావరణం వేడెక్కి, అడవులు ఎండిపోతున్న కొద్దీ ఇలాంటి మంటలు దగ్గర దగ్గరగా వచ్చే ప్రమాదం పెరుగుతోంది. ‘నిప్పుని తట్టుకునే చెట్టేగా, దానికేమవుతుంది’ అనుకుంటే పొరపాటు. అది తట్టుకునేది తనకి అలవాటైన మంటని, అలవాటైన వ్యవధిలో. వేల ఏళ్లలో కుదిరిన తాళాన్ని 30, 40 ఏళ్లలో మార్చుకోమంటే చెట్టు వల్ల కాదు.

ఈసారి ఎక్కడైనా పైన్ కోన్ చేతికి దొరికితే, ఫొటో తీసే ముందు ఒక నిమిషం చూడండి. పొలుసుల మధ్య జిగురు ఉందా? లోపల గింజ మిగిలితే దానికి రెక్క ఉందా? దాన్నిబట్టి ఆ చెట్టు గాలిని నమ్ముకుందో, పక్షినో, నిప్పునో ఊహించండి. నీళ్ల ప్రయోగం చేసినవాళ్లు, మీ కోన్ ముడుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.