ఫోనులో పరభాషాభ్యాసము



పూర్వము పరభాష నేర్వదలచినవాడు గురువును వెదకికొని పోవలసియుండెను. నేడు గురువే అంతర్జాలమార్గమున మన యింటికి వచ్చుచున్నాడు. ఈ సౌకర్యము మన జిల్లావారి కెట్లుపయోగపడునో మనవిచేసెదను.

నిజామాబాదు, బోధను, ఆర్మూరు ప్రాంతములనుండి దశాబ్దములుగా అనేకులు గల్ఫు దేశములకు పనికై పోవుచున్నారు. వారికి అరబ్బీ వచ్చుట ఆత్మరక్షణమువంటిది. జీతమును ‘రాతిబ్’ అనియు, సెలవును ‘ఇజాజా’ అనియు, ఒప్పందమును ‘అక్ద్’ అనియు నెరుగనివాడు తాను చేవ్రాలుచేయు కాగితమున నేమున్నదో యెట్లు గ్రహింపగలడు?

మనకు కొంత మూలధనము లేకపోలేదు. కితాబు, జవాబు, తారీఖు, వకీలు మున్నగునవి ఉర్దూద్వారమున మనకు జేరిన అరబ్బీ పదములే. సంస్కృతమున ధాతువులనుండి పదములు పుట్టినట్లు, అరబ్బీయందు సామాన్యముగా మూడు హల్లుల మూలమునుండి పుట్టును. క-త-బ యను మూలమునకు వ్రాయుట యర్థము. కితాబు పుస్తకము, కాతిబు లేఖకుడు, మక్తబు కార్యాలయము.

అయితే ఉచ్చారణము పుస్తకమువలన రాదు. అరబ్బీలో కకారమువంటి ధ్వనులు రెండు. ఒకటి మన కకారమే. రెండవది కొండనాలుక యొద్ద పుట్టును. తెలుగు లిపిలో రెంటిని ‘కల్బ్’ అనియే వ్రాయుదుము. కాని మొదటిదానితో పలికిన కుక్క, రెండవదానితో పలికిన హృదయము! ఇట్టిచోటనే ఫోను మేలుచేయును. వీడియోలో గురువు నోరు కనబడును. శిష్యుని తప్పు వెంటనే దిద్దబడును. నమోదుచేసిన పలుకును నూరుమారులు వినవచ్చును.

ఒక హెచ్చరిక. 2019లో అరబ్బీ పాఠములు మొదలిడిన డ్యుయోలింగో వంటి సాధనములు ప్రధానముగా గ్రంథభాషను నేర్పును. గల్ఫు అంగళ్లలో వినబడునది వాడుకభాష. అచ్చట పలువురు హృదయమును ‘గల్బ్’ అందురు. ఇది మన గ్రాంథిక వ్యావహారికముల భేదమువంటిదే. కాగితము చదువుటకు మొదటిది, యజమానితో మాటాడుటకు రెండవది కావలెను.

కావున తెరపై గుర్తుల నొత్తి మార్కులు సంపాదించుటతో తృప్తిపడరాదు. ప్రయాణమునకు ఆరుమాసముల ముందునుండియే, గల్ఫులోనున్న అన్నతోనో మేనమామతోనో దినమునకు అరగంట ఫోనులో అరబ్బీననే మాటాడుడు. విన్న క్రొత్తమాటను పుస్తకమున వ్రాసికొని, మరునాడు వాక్యమున ప్రయోగింపుడు. తప్పు దిద్దు మనుష్యుడు లేనిదే పరభాష పట్టువడదు.