గర్భిణీ స్త్రీలు - జ్వరం మాత్రలు



"కడుపుతో ఉండగా జ్వరం మాత్ర వేసుకుంటే పుట్టే బిడ్డకు మాటలు రావట, నిలకడ ఉండదట, నిజమేనా?" అని మీలో కొందరు అడుగుతున్నారు. ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. కాస్త ఓపికగా వినండి.

ఆ మాత్ర పేరు పారాసిటమాల్. దానికీ, పిల్లల్లో కనిపించే ఆటిజం అనే లోపానికీ సంబంధం ఉండవచ్చునని 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. అదే వారంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అందుకు నిశ్చయమైన ఆధారం లేదని చెప్పింది. మరి ఎవరి మాట నమ్మాలి? లెక్కలు చూద్దాం.

స్వీడన్ దేశంలో 1995 నుంచి 2019 వరకు పుట్టిన సుమారు 24 లక్షల 80 వేల మంది పిల్లల వివరాలు పరిశీలించి, 2024లో ఫలితాలు ప్రకటించారు. మాత్ర వేసుకోని తల్లుల పిల్లల్లో పదేళ్ళ వయసు వచ్చేసరికి వెయ్యికి 13 మందికి ఆటిజం ఉంది. వేసుకున్న తల్లుల పిల్లల్లో 15 మందికి ఉంది. "చూశారా, తేడా ఉందిగా!" అంటారేమో. తొందరపడకండి.

వీధిలో గొడుగులు ఎక్కువగా కనిపించిన రోజునే బురద కూడా ఎక్కువ. గొడుగుల వల్ల బురద అయిందంటామా? రెండూ వాన వల్లనే. అలాగే మాత్ర వేసుకున్న తల్లికి జ్వరమో, తలనొప్పో, మరో జబ్బో ఉండే ఉంటుంది. వంశంలో వచ్చే గుణాలూ ఉంటాయి. అందుకని ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూశారు. ఒక కాన్పులో మాత్ర వాడింది, ఇంకో కాన్పులో వాడలేదు. అలా చూస్తే ఆ తేడా కనిపించలేదు.

ఈ పరిశీలనకూ ఒక లోటుంది. మాత్ర వాడినట్లు నమోదైన తల్లులు నూటికి ఏడెనిమిది మందే. కొట్లో కొనుక్కుని మింగి, ఎవరికీ చెప్పనివాళ్ళు ఇంకా ఉంటారు. 2021లో కొందరు శాస్త్రజ్ఞులు, అవసరమైతేనే, తక్కువ మోతాదులో, తక్కువ రోజులే వాడమని కోరారు. ఈ జాగ్రత్త మంచిదే.

అయితే భయంతో జ్వరాన్ని ఓర్చుకోవడం మాత్రం మంచిది కాదు. తీవ్రమైన జ్వరం తల్లికీ, బిడ్డకూ చేటు. అది మలేరియా కావచ్చు, డెంగీ కావచ్చు, మూత్రంలో చీము కావచ్చు. మాత్ర జ్వరాన్ని దించుతుంది గాని, జబ్బును నయం చెయ్యదు. కనుక వెంటనే వచ్చి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోండి.

ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి:

1. డాక్టరు గాని, నర్సు గాని చెప్పిన మోతాదే వాడండి. మాత్రకూ మాత్రకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఆగండి.

2. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి వేసుకోకండి.

3. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేరే మందులు. ఐదో నెల నుంచి ఇవి బిడ్డ మూత్రపిండాలకు హాని చేసి, ఉమ్మనీరు తగ్గించవచ్చు. కొన్ని మాత్రల్లో ఇవి పారాసిటమాల్‌తో కలిసే ఉంటాయి. ఒళ్ళు నొప్పులకని అడిగితే కొట్లో ఇవే ఇవ్వవచ్చు. కడుపుతో ఉన్నానని ముందే చెప్పండి.

4. రోజూ నొప్పి ఉంటే రోజూ మాత్ర మింగకండి. కారణం కనుక్కోండి.

ఇదివరకు కాన్పులో మాత్ర వేసుకున్న తల్లి ఎవరైనా ఉంటే, "నా వల్లే బిడ్డకిలా అయింది" అని కుమిలిపోవద్దు. అత్తగారు గాని, భర్త గాని ఆమెను ఆ మాట అనవద్దు. అలా నిందించడానికి ఏ లెక్కా ఆధారం ఇవ్వడం లేదు.

సందేహం ఉంటే మీ ఏ.ఎన్.ఎం.ను గాని, ఆశా కార్యకర్తను గాని అడగండి. సెలవు.