మండలి కోసం పెట్టించిన సంతకం
(ఉప్పల్‌లో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహిళా మండలిలో స్నేహం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. సంతోషంగానే ఒప్పుకున్నాను. తీరా ఇంట్లో కూర్చుని ఏం చెప్పాలా అని ఆలోచిస్తే మంచి సంగతులన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. ఒక్క సంగతి మిగిలింది. దాన్ని మా మండలిలో ఇన్నేళ్ళూ ఎవరమూ పైకి అనలేదు. సభలో చెప్పనా అని ఆమెనే అడిగాను. "పేరు చెప్పకు, మిగిలిందంత చెప్పు" అంది. అందుకని పేర్లు లేకుండా చెబుతాను.

నేను 1981లో నాచారం కోడలిగా వచ్చాను. అప్పటికే ఒకపక్క ఫ్యాక్టరీ షెడ్లు ఉన్నాయి, సైరన్ మోగేది. ఇంకోపక్క ఊరు ఊరులాగే ఉండేది. ఉప్పల్ దాటి మూసీ వైపు పోతే భగాయత్ భూములు. భగాయత్ అంటే తోట భూమి. పాలకూర, గోంగూర, కొత్తిమీర వేసేవాళ్ళు. పట్నం మురుగంతా మోసుకొచ్చే మూసీ నీళ్ళతో పశువుల గడ్డి నిలువెత్తు పెరిగేది. తెల్లవారుజామున నాలుగింటికి ఆడవాళ్ళు ఆ గడ్డి కోసి, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని తెచ్చి అమ్మేవాళ్ళు. పట్నం తాగే పాలలో వాళ్ళ చాకిరీ ఎంత ఉందో ఎవరూ లెక్క కట్టలేదు.

మహిళా మండళ్ళు మన దేశంలో ఆడవాళ్ళు తమంతట తామే పెట్టుకున్నవి కొన్నయితే, సర్కారు పెట్టించినవి ఎక్కువ. 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం మొదలైంది. గ్రామసేవికలు ఊళ్ళకు వచ్చి ఆడవాళ్ళను కూర్చోబెట్టి కుట్లు, అల్లికలు, పిల్లల పెంపకం నేర్పారు. మరుసటి ఏడు దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలిగా కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడి, ఇలాంటి సంఘాలకు గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆడదాన్ని మంచి ఇల్లాలిగా తయారు చెయ్యడమే వాళ్ళ ఉద్దేశం అని మన స్త్రీవాద మిత్రులు విమర్శిస్తారు. నిజమే. కానీ ఒక్క మాట. ఆడవాళ్ళకు ఒక గది ఇచ్చి, తాళంచెవి చేతిలో పెట్టాక, లోపల వాళ్ళేం మాట్లాడుకుంటారో ఏ పథకమూ చెప్పలేదు.

మా గది ఉప్పల్ వైపు ఉండేది. నాచారం నుంచి మేం నడిచి పోయేవాళ్ళం. రెండు కుట్టుమిషన్లు, ఒక చాప, ఒక బీరువా, ఒక రిజిస్టరు. పదో తరగతి చదివానని రిజిస్టరు నాకు అప్పగించారు. అందులో కుట్టిన జాకెట్లు ఎన్ని, పొదుపు ఎంత, హాజరు ఎంత అని గళ్ళుండేవి. అష్టాచెమ్మాకు గడి లేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మేం ఎక్కువగా ఆడింది మాత్రం అదే. గడ్డి మోపులు దించి, వంట చేసి, పిల్లలను బడికి పంపి వచ్చేవాళ్ళు కొందరు. షిఫ్టు దిగి నేరుగా వచ్చే ఫ్యాక్టరీ పిల్లలు కొందరు. కాలనీల నుంచి వచ్చే ఉద్యోగస్తుల భార్యలు ఇద్దరు ముగ్గురు. వీళ్ళు మొదట్లో చాప అంచున కూర్చునేవాళ్ళు, ఆరు నెలలకు మధ్యలోకి వచ్చారు. ఒక ఖాలా ఉండేది. కాజాలు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

మాకు ఒకటే నియమం. ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఎందుకు ఆలస్యమైందని అడగకూడదు. ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి వచ్చినవాళ్ళం కదా.

శివరాత్రి ముందు కీసరగుట్టకు పోయాం. సద్దుల బతుకమ్మకు నల్లచెరువు కట్ట మీద ఆడాం. తొలి రోజుల్లో తంగేడు, గునుగు పూలు మా ఇళ్ళ వెనక ఖాళీ జాగాల్లోనే దొరికేవి. ఆ జాగాలన్నీ ప్లాట్లయ్యాక పూలు కూడా కొనుక్కోవలసి వచ్చింది. నెల్లూరు జిల్లాలో 1992లో సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు మేమూ దుకాణం ముందు కూర్చున్నాం. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చినప్పుడు మిఠాయి పంచుకున్నాం. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్ళకే పోయింది. దాని గురించి చాలామంది చాలా చెప్పారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా మండలిలో ఒక వదినె, ఒక ఆడబిడ్డ ఉండేవాళ్ళు. ఆడబిడ్డను ఊళ్ళోనే ఇచ్చారు, 1979లో. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రికి మూసీ ఒడ్డున నాలుగెకరాలు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. పెళ్ళయ్యాక కూడా ఈమె తండ్రి చేన్లోనే గడ్డి కోసింది, వదినెతో కలిసి. ఒకరు కోస్తే ఒకరు మోపు కట్టేవాళ్ళు. ఒక్క టిఫిన్ డబ్బాలో అన్నం తినేవాళ్ళు. వదినె ఆడబిడ్డలంటే పడదనే సామెతలు మా మండలిలో ఎవరైనా ఎత్తితే ఈ ఇద్దర్నీ చూపించి నోరు మూయించేవాళ్ళం.

తండ్రి 1998లో పోయాడు. పంపకాలు జరగలేదు. 2005 తరువాత భగాయత్ భూములను ప్రభుత్వం సేకరించింది. గుంటకింత అని ధర పలికే రోజులు మొదలయ్యాయి. అన్నదమ్ములు ఇంట్లో మాట్లాడుకుని ఒక కాగితం రాయించారు. అక్కచెల్లెళ్ళిద్దరూ తమకు ఏ హక్కూ లేదని, ఉన్నా వదులుకుంటున్నామని దాని సారాంశం. పెళ్ళి చేసుకుని దూరం పోయిన చెల్లెలు వచ్చి, కొంత డబ్బు తీసుకుని సంతకం పెట్టి పోయింది. పెద్దామె మాత్రం పెట్టలేదు. మధ్యాహ్నం కాగితం పట్టుకుని మండలికి వచ్చి నా ముందు పెట్టింది. "చదువు" అంది.

చదివాను. ఆ రోజు వదినె కూడా గదిలోనే ఉంది. మిషను ముందు కూర్చుని తల ఎత్తలేదు. అందరి చేతులూ ఆగిపోయాయి. ఖాలా ఒక్కతే మాట్లాడింది. "మాకు కితాబుల్నే రాసుంది, కొడుక్కు రెండు పాళ్ళయితే బిడ్డకు ఒక పాలు అని. రాసుంటే ఏంది, మా తమ్ముణ్ణి నేను అడిగిన్నా?" అంది. నవ్వించాలని అంది. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం ఆమెతో కలిసి నడుస్తూ నేనన్న మాటలు ఇవి. "తల్లిగారింటితోని కొట్లాడి ఎట్ల బతుకుతవక్కా? రేపు నీ బిడ్డకు ఒడిబియ్యం పొయ్యాలంటే మేనమామలు రావద్దా? పెట్టెయ్యి సంతకం. మండలిల మీరిద్దరు మొకాలు చూసుకోవాల్నా వద్దా?"

ఆమె ఆగి నన్ను చూసింది. "నువ్వు గూడ గట్లనే అంటవా" అంది. అంతే. మర్నాడు సంతకం పెట్టింది. చీర, యాభై వేలు ఇచ్చారు.

నేను ఆ మాటలు ఎందుకన్నాను? ఆమె మేలు కోరే అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం వేరు. ఆమె అడిగితే మండలి రెండుగా చీలుతుందని నా భయం. సగం మంది అన్నదమ్ముల భార్యలం, సగం మంది ఆడబిడ్డలం, అసలైతే అందరం రెండూ. ఆ గది పోతే నాకు వేరే చోటు లేదు. నా రెండు గంటలు కాపాడుకోవడానికి ఆమె భూమి పణంగా పెట్టాను.

మండలి చీలలేదు. ఆమె రావడం మానేసింది. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా ఏడాదిన్నర పాటు నేనే గైర్హాజరు వేశాను. బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద వేరే వాడ వాళ్ళతో ఆడింది. వదినె మాత్రం క్రమం తప్పకుండా వచ్చేది, కుట్టేది, టిఫిన్ డబ్బా ఒక్కతే విప్పేది.

చట్టం సంగతి నాకు అప్పుడు తెలియదు. తరువాత ఒక లాయరమ్మ మా నోటుపుస్తకంలో గీసి చూపించింది. అది మీకూ చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది కాగితాలు ఇంకా తెగలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో ఉమ్మడి ఆస్తి కొడుకులకు పుట్టుకతో వచ్చేది, బిడ్డకు తండ్రి వాటాలో మాత్రమే భాగం. మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో సవరణ తెచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళి కాని బిడ్డలకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అంతకుముందే పెళ్ళయినవాళ్ళకు లేదు. మా ఆమె పెళ్ళి 1979లో, చెల్లెలి పెళ్ళి 1987లో. అంటే ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి రెండు చట్టాలు. ఆ లెక్కన నాలుగెకరాల్లో చెల్లెలికి ఎకరం పది గుంటలు, మా ఆమెకు పది గుంటలు. 2005 సెప్టెంబర్ 9న కేంద్రం చేసిన సవరణ ఈ పెళ్ళి తేడా తీసేసింది. కానీ తండ్రి అప్పటికే చనిపోయి ఉంటే వర్తిస్తుందా లేదా అని కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాదన నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదు. 2004 డిసెంబర్ 20కి ముందు పంపకమో అమ్మకమో సక్రమంగా జరిగిపోయి ఉంటే మాత్రం దాన్ని తిరగదోడలేరు. మా వాళ్ళకు ఆ తేదీకి పంపకమే కాలేదు. ఆ లెక్కన ఆమెకు ఎకరం.

చూడండి, అతి తక్కువ లెక్క వేసినా పది గుంటలు ఉన్నాయి. ఏ చట్టం ప్రకారమూ సున్నా కాదు. కాగితం మీద మాత్రం ఏ హక్కూ లేదని రాశారు. నేను చదివి కూడా పెట్టెయ్యమన్నాను.

ఆ తీర్పు వచ్చినప్పుడు కరోనా. అందరం ఇళ్ళల్లో ఉన్నాం. టీవీలో చూసి ఆమే ఫోన్ చేసింది. "విన్నవా?" అంది. విన్నానన్నాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. "నేను తప్పు చెప్పినక్కా" అన్నాను. "తెలుసు. నేను గూడ నీ మాట ఇనుడు తప్పే" అంది. తరువాత కందిపప్పు ధర గురించి మాట్లాడుకున్నాం.

ఆమె మండలికి తిరిగి వచ్చింది అంతకు చాలా ముందే. ఎలా వచ్చిందంటే, ఖాలాకు మోకాళ్ళ నొప్పి ఎక్కువై నడవలేకపోతే, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, గడప దగ్గర దించి పోతూ పోతూ లోపలికి వచ్చింది. ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగలేదు. ఆ నియమం అంతగా పనికొచ్చింది ఇంకెప్పుడూ లేదు. కానీ వదినెతో ఆమె మాట్లాడేది కాదు. ఒకే చాప మీద, ఇటు చివర ఒకరు, అటు చివర ఒకరు.

ఇప్పుడు ఉప్పల్‌లో మెట్రో తిరుగుతోంది. భగాయత్‌లో వేలం వేసిన ప్లాట్ల మీద భవనాలు లేస్తున్నాయి. గడ్డి కోసినచోటు ఏదో ఆమె చూపిస్తేగాని నాకు గుర్తు పట్టరాదు.

పోయిన ఏడు వదినె నా దగ్గరికి వచ్చింది. ఆమె తల్లిగారిది భువనగిరి వైపు. తండ్రి పోయి చాలా ఏళ్ళయింది, తమ్ముళ్ళు భూమి అమ్మకానికి పెట్టారు. "మా నాయిన భూమిల నాకు గూడ వస్తదా?" అని అడిగింది. గొంతు చాలా చిన్నగా ఉంది. నాకు చెప్పాలనిపించింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. "ఆమెనే అడుగు, కాగితాలన్నీ ఆమెకు తెలుసు" అన్నాను. అనవలసిన మాటేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

వారం తరువాత మండలిలో వదినె చాప మీద అటు చివర నుంచి ఇటు చివరికి వచ్చి కూర్చుంది. ఆడబిడ్డ పూసలు గుచ్చుతోంది. తల ఎత్తలేదు. చాలాసేపటికి అంది.

"నీ ఎంబడి ఆఫీసుకు నేను రాను. పాత పహాణీలు తీయించు, ఈసీ తీయించు, అందరి పేర్లతోటి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీయించు. అవి తెచ్చినంక సూస్త. అప్పటిదాంక ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకు."